ఎంత పలుకుతుంది

వేలం పాట అంటారు గాని
ఆల్స్‌మేర్ పూల హాల్లో ఎవడూ పాడడు.
గోడకి పెద్ద గడియారం, ధర పైనుంచి కిందికి జారుతుంటుంది.
మెట్ల మీద కూచున్న వందమందిలో
ఎవడి వేలు ముందుగా ఆగలేకపోతే వాడివే పూలు.
ముప్పయ్యొక్కేళ్ళు ఆ గడియారం కింద బళ్ళు తోశాను.
తెల్లవారుజామున తులిప్ పూలకీ చలేస్తుంది.
కొనేవాళ్ళకి ఆ సంగతి తెలీదు.

ఇప్పుడు నేను అమ్మాల్సినవి ఏడు గడియారాలు,
పావురాల పందేనివి.
పావురం వాలగానే కాలి రబ్బరు ఉంగరం ఊడదీసి
కన్నంలో వేసి తాళం తిప్పాలి,
లోపలి కాగితం మీద సెకన్లతో సహా అచ్చుపడుతుంది.
పావురాలు ఎప్పుడో పోయాయి.
మోకాళ్ళు గూటి నిచ్చెన ఎక్కనని మొండికేశాయి.

పక్కింటి యిల్డౌ తన ఫోన్‌తో ఫొటోలు తీసి అడిగింది:
"వేలం పెట్టమంటావా, ఒకటే ధర రాయమంటావా?"

మొదటిదానికి నలభై అయిదు యూరోలని రాయించాను.
నాలుగు నిమిషాల్లో పోయింది.
అమ్మిన సంతోషం కాఫీ చల్లారేలోగా అయిపోయింది,
తక్కువ చెప్పానన్న మంట మాత్రం
రాత్రి దుప్పట్లోకీ వచ్చింది.
రెండోదానికి తొంభై రాశాను.
మూడు వారాలు దాని మొహం చూసినవాడు లేడు.
ఘెంట్ నుంచి ఒకడు "ముప్పైకిస్తావా" అన్నాడు.
ఆర్న్‌హెమ్ నాటకాలవాళ్ళు
"టిక్‌టిక్ వెనక వరసకి వినబడుతుందా" అన్నారు.
వినబడుతుంది, అన్నాను, నాకు నిద్రలో కూడా.
అలా దించీ పెంచీ ఆరు వదిలించుకున్నాను.

ఏడోది క్లబ్బు గడియారం.
గెర్‌బ్రాండ్ నీలి పెట్ట
పదకొండు సెకన్లు ఆలస్యమని తేల్చింది ఇదే.
"నీ గడియారం పరుగెడుతోంది, వీబ్రెన్" అన్నాడు అందరి ముందూ.
దానికి తాళమిచ్చేది నేను.
పద్నాలుగేళ్ళయింది. రొట్టెల కొట్లో ఎదురైతే
ఇద్దరం రొట్టెల్నే చూస్తాం.

దీనికెంతని రాయను?
ధర రాయడమంటే ముందు నేను నోరు తెరవడం.
వేలమైతే ఎదుటివాడు పలికేదాకా
చేతులు కట్టుకు కూచోవచ్చు.
"ఒక్క యూరోతో మొదలుపెట్టు" అన్నాను.
"తాతా, వేలానికి ఇద్దరు కావాలి" అంది యిల్డౌ,
"ఒక్కడే వస్తే ఒక్క యూరోకే పోతుంది."

ఒక్కడే వచ్చాడు.
పేరు నీలిపెట్ట62.
ఆదివారం రాత్రి ఎనిమిదింటిదాకా
తెర ముందు నేనూ, ఎక్కడో వాడూ.
నా పాత గడియారంలో ఆలస్యం చేసినవాడు ఓడేవాడు,
ఇక్కడ చివరి నిమిషందాకా ఆగినవాడిదే గెలుపట.
ఎవరూ రాలేదు. ధర కదల్లేదు.

మంగళవారం సైకిలు మీద వచ్చాడు.
నాణెం నా అరచేతిలో పెట్టి, గడియారం చంకలో పెట్టుకుని,
"వందని రాసి ఉంటే వందే ఇచ్చేవాణ్ణి" అన్నాడు.
"నాకెలా తెలుస్తుంది?"
"అడగాల్సింది."
"నువ్వు మాత్రం?"
వాన మొదలైంది. వెళ్ళకుండా
పెరటివైపు చూస్తూ నిలబడ్డాడు.
"ఆ గూడు కూడా అమ్ముతావా?"

రేకులు తుప్పు పట్టాయి, చెక్క బాగానే ఉంది.
యిల్డౌ లేదు అడగడానికి.
"ఇరవై అయిదు" అన్నాను, నోరు తెరిచి, ముందు నేనే.

అతను సైకిలు గోడకి ఆనించి
టోపీ తీసి దులుపుకున్నాడు.
"పది."
"తలుపు కొత్తది వేయించాను గెర్‌బ్రాండ్, ఇరవై మూడు."
"ఏదీ, చూడనీ" అంటూ
లోపలికొచ్చాడు.